ఆకాశరామన్న వీడియో కాల్

గిద్దలూరు బస్టాండుకి కాస్త దూరంలో 1994లో ఎస్టీడీ బూత్ పెట్టాను. అదే గది తర్వాత జిరాక్స్ షాపైంది, నెట్ సెంటరైంది, సెల్ రీచార్జి కొట్టైంది, చివరికి డబ్బులు పంపే, తీసిచ్చే మినీ బ్యాంకైంది. బోర్డులు మారాయి గానీ కౌంటరు అదే, దాని వెనక మనిషీ నేనే. రాత్రి పదకొండు దాటితే పావు రేటు పడుతుందని జనం గాజుగది బయట వరసకట్టిన రోజుల నుంచి, ఫోన్‌పే మోగితే గానీ టీ కొట్టువాడు గ్లాసు అందించని రోజుల దాకా చూశాను. నోటితో చెప్పని సంగతులు మనుషులు చేతులతో చెప్తారని అక్కడే తెలిసింది. ఆ చేతుల దగ్గర నేర్చుకున్నవే ఇవి. వరస అంటూ ఏమీ లేదు, గుర్తొచ్చినట్టు రాస్తున్నాను.

1. ఫీజు పూటపూటకీ పెరగదు

2021, కరోనా రెండో విడత తగ్గుతున్న రోజులు. కొమరోలు వైపు పల్లె నుంచి ఒక కుర్రాడు వచ్చాడు, డిగ్రీ రెండో ఏడు. వాళ్ల నాన్న హైదరాబాదులో సెంట్రింగ్ పనికి పోయేవాడు. ఆన్‌లైన్ క్లాసులకని ఆయన అప్పు చేసి కొనిచ్చిన ఫోను కుర్రాడి చేతిలో ఉంది. పొద్దున వచ్చి మూడు వేలు వేయమన్నాడు. ఖాతాదారుడి పేరు మనవైపు పేరు కాదు. "ఎవరికి అబ్బయ్యా?" అంటే "కాలేజీ ఫీజు బాబాయ్" అన్నాడు. మధ్యాహ్నం వచ్చి ఐదు వేలు వేయించాడు. సాయంత్రం షాపు కట్టేసే వేళకి ఏడు వేలు తెచ్చాడు. ఈసారి వేరే పేరు, వేరే బ్యాంకు. నోట్లు చెమటకి మెత్తబడి ఉన్నాయి.

ఫీజు పూటపూటకీ పెరగదు. ఆ మాత్రం లెక్క నాకు రాదా? వచ్చు. కానీ వాడి వెనక ఇంకా ఆరుగురు నిలబడి ఉన్నారు. వేలిముద్ర వేయించాలి, పింఛను తీసివ్వాలి. పంపేశాను. మూడుసార్లకీ కలిపి నాకు మిగిలిన కమీషను నూట యాభై రూపాయలు.

నాలుగో రోజున వాళ్ల నాన్న వచ్చాడు. కుర్రాడు ప్రాణం తీసుకోబోయాడట. సమయానికి చూశారు, బతికాడు. ఆ ఏడు వేలూ వాళ్లమ్మ చెవికమ్మలు కుదవపెట్టి తెచ్చినవట. ఆయన నన్ను తిట్టలేదు. "నీ దగ్గరికి మూడుసార్లు వచ్చాడంట కదన్నా" అన్నాడు, అంతే.

అప్పట్నుంచి ముక్కూమొహం తెలియని ఖాతాకి ఒకే రోజు రెండోసారి డబ్బు వేయమన్నవాణ్ని లోపలికి పిలిచి కుర్చీ వేస్తున్నాను. మంచినీళ్లిచ్చి, "ఫొటోనా, వీడియోనా?" అని ఒక్కటే అడుగుతాను. ఏం జరిగిందని అడిగితే ఎవరూ చెప్పరు. అలా అడిగితే సగం తెలిసిన మనిషేనన్న ధైర్యం వస్తుంది. ఇద్దరు ముగ్గురు అక్కడే ఏడ్చేశారు. వాళ్లలో ఒకాయనకి మనవలున్నారు.

2. అవతల ఉన్నది అమ్మాయి కాదు, ఇంకో ఫోను

ఆ కుర్రాడు కోలుకున్నాక తనే వచ్చి చెప్పాడు. అతను చెప్పిందీ, ఆ తర్వాత నేను విన్నవీ ఇంచుమించు ఒకేలా ఉన్నాయి. ఫేస్‌బుక్‌లో గానీ ఇన్‌స్టాలో గానీ అందమైన అమ్మాయి ఫొటోతో ఫ్రెండ్ రిక్వెస్ట్ వస్తుంది. మన ఊరివాళ్లు ఇద్దరు ముగ్గురు అప్పటికే అందులో ఫ్రెండ్స్‌గా కనపడతారు. వాళ్లూ మనలాగే ఒప్పుకున్నవాళ్లని మనకి తట్టదు. పది నిమిషాల కబుర్లు, వెంటనే వాట్సాప్ నంబరు. ఎక్కువగా రాత్రి వేళ వీడియో కాల్. ఎత్తగానే అవతల బట్టల్లేని ఆడమనిషి.

ఆమె ఆ ఫోనులో లేదు. ఎప్పుడో ఎక్కడో తీసిన వీడియోని ఒక ఫోనులో ఆడిస్తూ, ఇంకో ఫోను కెమెరాని దాని ముందు పెడతారు. మన మొహం మూలన చిన్న గడిలో పడుతుంది. ఆ మొత్తం తెర రికార్డవుతుంది. పది సెకన్లు చాలు. మనం ఏమీ చేయకపోయినా, ఏంటా అని కళ్లజోడు సర్దుకుని చూసినా సరే, ఆ బొమ్మ పక్కన ఈ మొహం ఉంది కదా! ఐదు నిమిషాల్లో వీడియో మన వాట్సాప్‌కే వస్తుంది. దాని కింద మన ఫ్రెండ్స్ లిస్టు ఫొటో, దాని కింద ఒక అంకె, ఒక గడువు.

కొందరు చూసి ఊరుకోరు, అవతలివాళ్లు చెప్పినట్టు చేస్తారు. సిగ్గు వాళ్లకే ఎక్కువ, డబ్బు కట్టేదీ వాళ్లే ఎక్కువ. నేను వాళ్లని తప్పుపట్టను. పెళ్లాం బిడ్డల్ని ఊళ్లో వదిలి బెంగుళూరులో రేకుల షెడ్డులో పడుకునే మనిషి, రాత్రి పదకొండింటికి ఎవరో పలకరిస్తే పలికాడు. అది నేరం కాదు. దాన్ని రికార్డు చేసి అమ్ముకోవడం నేరం.

3. ఆకాశరామన్నకి మనం తెలుసు, వీడికి తెలియదు

మా చిన్నప్పుడు ఊళ్లో ఆకాశరామన్న ఉత్తరాలు వచ్చేవి. ఫలానావాడి కూతురు ఫలానావాడితో అని, సంబంధం కుదిరే సమయానికి పెళ్లివారికి అందేవి. సంతకం ఉండదు గానీ రాసినవాడు పక్క వీధిలోనే ఉంటాడు. వాడికి కావలసింది మన పరువు పోవడమే, డబ్బు కాదు.

ఈ వీడియో కాల్ ఆకాశరామన్న అలాంటివాడు కాదు. వాడికి మార్కాపురం ఎక్కడుందో తెలియదు, మన మీద పగా లేదు. ఇలాంటి ముఠాలు ఎక్కువగా పట్టుబడింది రాజస్థాన్‌లోని భరత్‌పూర్, అల్వర్, హర్యానాలోని నూహ్ కలిసిన మేవాత్ ప్రాంతంలో. 2023 ఏప్రిల్‌లో హర్యానా పోలీసులు సుమారు 5,000 మందితో నూహ్‌లోని 14 ఊళ్ల మీద ఒకేసారి దాడి చేశారు. ఊళ్లకి ఊళ్లు పనిగా పెట్టుకుంటే తప్ప అంతమంది పోలీసులు అక్కర్లేదు. పని అన్నాక వాడికీ లెక్కలుంటాయి. ఈ రాత్రి వందమందికి ఫోన్ చేశాడు, పదిమంది భయపడ్డారు, ఆ పదిమంది మీదే పొద్దు గడపాలి. జవాబివ్వనివాడి మీద గంట పెడితే ఆ గంట దండగ.

అలాగని వీడియో ఎవరికీ పంపడని నేను హామీ ఇవ్వలేను. ఒక్కోసారి ఇద్దరు ముగ్గురికి పంపి చూస్తాడు. కానీ పంపేశాక మనల్ని బెదిరించడానికి వాడి చేతిలో ఇంకేముంది? 2025 మార్చిలో నకిరేకల్ ఎమ్మెల్యే వేముల వీరేశానికి ఇలాంటి కాల్ వచ్చింది. రికార్డు చేసి డబ్బడిగారు. ఆయన ఇవ్వలేదు, పోలీసులకి ఫిర్యాదు చేశారు, సంగతి పేపర్లకెక్కింది. అంతకుముందు 2022లో భోపాల్ ఎంపీ ప్రజ్ఞా సింగ్ ఠాకూర్, 2023లో అప్పటి కేంద్ర సహాయ మంత్రి ప్రహ్లాద్ పటేల్ కూడా ఫిర్యాదు చేసినవాళ్లే. రెండు కేసుల్లోనూ మనుషులు భరత్‌పూర్‌లో దొరికారు. మంత్రికే చేసినవాడు మనకి చేశాడంటే అది మన నడతని చూసి కాదు, మన నంబరు వరసలో తగిలింది కాబట్టి.

4. డబ్బు కట్టిన మరుక్షణం మన పేరు పై వరసలోకి ఎక్కుతుంది

మొదటి మూడు వేలు అందగానే వాడికి తెలిసేది ఒక్కటే: ఈ మనిషి భయపడతాడు, కడతాడు. ఆ తర్వాత పాత్రలు దిగుతాయి. ఖాకీ చొక్కా ఫొటో పెట్టుకుని "ఢిల్లీ క్రైమ్ బ్రాంచి" నుంచి ఒకడు. ట్రూకాలర్‌లో కూడా పోలీసు ఆఫీసరనే పేరు కనపడుతుంది, ఆ పేరు పెట్టుకున్నది వాడే. వీడియో యూట్యూబ్‌లోకి ఎక్కింది, తీయించాలంటే ఫీజు కట్టాలని యూట్యూబ్ మేనేజరు పేరుతో ఇంకొకడు. ఆ అమ్మాయి చచ్చిపోయింది, నీ మీదే కేసు అని మూడోవాడు. అందరూ ఒకే గదిలో పక్కపక్కన కూర్చున్నవాళ్లే కావచ్చు. మా కుర్రాడు రెండో విడత కట్టిన ఐదు వేలు యూట్యూబ్ ఫీజే. మూడోసారి ఏడు వేలు కేసు కొట్టేయించడానికి.

ఏ పోలీసూ ఫోన్లో డబ్బడిగి కేసు మూసేయడు. యూట్యూబ్‌కి వీడియో తీసేసే ఫీజంటూ లేదు.

5. మొదటి గంట

చాలామంది భయంతో మొదట చేసే పని చాట్ మొత్తం తుడిచేయడం. అది మాత్రం చేయొద్దు. దొంగ వదిలిపోయిన చెప్పుని మనమే బావిలో పారేసినట్టవుతుంది. బెదిరింపు మెసేజీలు, నంబరు, ఆ ప్రొఫైల్ పేజీ, డబ్బు వేయమన్న ఖాతా, యూపీఐ ఐడీ అన్నీ స్క్రీన్‌షాట్లు తీసి, ఇంకో ఫోనుకి పంపి దాచిపెట్టి, అప్పుడు బ్లాక్ చేయాలి. బతిమాలొద్దు, తిట్టొద్దు, గడువు పెంచమని అడగొద్దు. జవాబిచ్చిన కొద్దీ తాడు వాడి చేతిలోకి పోతుంది.

తర్వాత ఒక మనిషికి చెప్పాలి. అన్న, బావ, స్నేహితుడు, పాత మాస్టారు, ఎవరైనా సరే, ఒక్కరు. నేను కౌంటరు దగ్గర చూసినంతలో, ఇంకొకరికి తెలిసిన తర్వాత మళ్లీ డబ్బు కట్టినవాడు ఒక్కడూ లేడు.

డబ్బు పోయి ఉంటే 1930కి ఫోన్ చేయాలి, వెంటనే. మన డబ్బు ఆ ఖాతా నుంచి ఇంకో ఖాతాకి, అక్కణ్నుంచి ఏ ఏటీఎంకో పరుగెడుతుంటుంది. అది గడప దాటకముందే ఫిర్యాదు అందితే బ్యాంకువాళ్లు హోల్డులో పెట్టగలరు. ఫోన్ చేసేటప్పుడు ఎంత, ఎన్ని గంటలకి, ఏ ఖాతా నుంచి, లావాదేవీకి వచ్చిన యూటీఆర్ నంబరు ఎంత, ఇవి దగ్గర పెట్టుకోవాలి. ఆ నంబరు రసీదు మీదే ఉంటుంది, మా షాపులో ఇచ్చే చీటీ మీదా ఉంటుంది. చీటీని బీడీ ముట్టించడానికి వాడొద్దని నేను ఎన్నిసార్లు చెప్పానో లెక్కలేదు. డబ్బు పోకపోయినా సైబర్‌క్రైమ్ డాట్ గవ్ డాట్ ఇన్ అనే ప్రభుత్వ వెబ్‌సైట్‌లో ఫిర్యాదు పెట్టొచ్చు. ఆడవాళ్లకీ పిల్లలకీ సంబంధించిన అశ్లీల ఫొటోలు, వీడియోల మీదైతే పేరు చెప్పకుండా పెట్టే వీలూ అందులో ఉంది.

స్టేషనుకి ఒంటరిగా పోవద్దు. నేను తోడుపోయిన ఒకచోట రాసుకునే ఆయన "నువ్వెందుకు ఎత్తావయ్యా ఆ ఫోను?" అన్నాడు. నాతో వచ్చిన కుర్రాడు తలొంచుకున్నాడు. నేను తలొంచుకోలేదు కాబట్టి కాగితం తీసుకున్నారు. కాగితం మీద రాసుకుపోవాలి, రసీదు అడగాలి. మా పరిధి కాదు పొమ్మంటే, ఏ స్టేషనులోనైనా జీరో ఎఫ్‌ఐఆర్ కట్టవచ్చని గుర్తుచేయాలి. 2024 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో బెదిరించి వసూలు చేయడం 308వ సెక్షన్, ఏడేళ్ల దాకా శిక్ష. లైంగిక దృశ్యాలు నెట్లో పెట్టినా పంపినా ఐటీ చట్టం 67ఏ కింద మొదటిసారికే ఐదేళ్ల దాకా జైలు, పది లక్షల దాకా జరిమానా. సెక్షన్ల నంబర్లు బట్టీపట్టనక్కర్లేదు. తెలిసినట్టు పలికితే మాత్రం ఎదుటివాడి గొంతు కొంచెం తగ్గుతుంది.

6. ఆడపిల్లకి వచ్చే బెదిరింపు ఎక్కువగా తెలిసిన గొంతుతోనే వస్తుంది

పైన చెప్పినదంతా ఎక్కువగా మగవాళ్ల కథ. ఆడపిల్లల కథలో అవతలివాడికి ఊరు తెలుసు, ఇల్లు తెలుసు, నాన్న కోపం తెలుసు. మాట్లాడటం మానేసిన ప్రేమికుడో, తప్పిపోయిన సంబంధంవాడో, చుట్టమో. అచ్చంగా పాత ఆకాశరామన్న. వీడు అడిగేది డబ్బే కానక్కర్లేదు. రమ్మంటాడు, ఇంకో ఫొటో పంపమంటాడు. ఇక్కడ "జవాబివ్వకపోతే పోతాడు" అనే లెక్క పనిచేయదు. వాడికి పగ ఉంది, తీరికా ఉంది. కాబట్టి ఒంటరిగా కలవడానికి పోకూడదు, ఇంట్లో ఒకరికి చెప్పి తీరాలి, ఫిర్యాదు ముందే పడి ఉండాలి.

ఫొటో అసలుదే కానక్కర్లేదు. పెళ్లిలో దిగిన పట్టుచీర ఫొటోని ఇంకో ఒంటికి అతికించడం ఇప్పుడు ఏఐతో నిమిషాల పని. అసలైనా అతుకైనా చట్టానికి ఒకటే, ఫిర్యాదు ఒకటే. సోషల్ మీడియా కంపెనీలు అలాంటి బొమ్మని ఫిర్యాదు అందిన 24 గంటల్లో తీయాలని 2021 నిబంధనల్లోనే గడువు పెట్టారు, ఆ తర్వాత దాన్ని ఇంకా తగ్గించారు. స్టాప్ ఎన్‌సీఐఐ డాట్ ఆర్గ్ అని ఒక వెబ్‌సైట్ ఉంది, 2021 డిసెంబరులో మొదలైంది. మన ఫొటో మన ఫోను దాటదు. దాని వేలిముద్ర లాంటి గుర్తు మాత్రం కంపెనీలకి చేరుతుంది. అందులో చేరిన ఫేస్‌బుక్, ఇన్‌స్టా లాంటివాటిలో ఎవరైనా ఆ ఫొటో ఎక్కించబోతే ఆ గుర్తుతో పట్టేసి ఆపుతారు. పద్దెనిమిదేళ్ల లోపు వాళ్లకి అలాంటిదే టేక్ ఇట్ డౌన్. వాట్సాప్‌లో మనిషికీ మనిషికీ మధ్య తిరిగేదాన్ని ఇవి ఆపలేవు, ఆ మాట ముందే తెలిసుండాలి. చిన్నపిల్లలైతే పోక్సో చట్టం ఉంది, 1098 హెల్ప్‌లైన్ ఉంది. ఆడవాళ్లకి 181. 2025 మార్చి 8న ముఖ్యమంత్రి, ఆడవాళ్ల భద్రత కోసం పెట్టిన శక్తి యాప్‌ని విడుదల చేసింది మన మార్కాపురంలోనే. ఆ రోజు సభకి బస్సుల్లో పోయివచ్చిన పొదుపు సంఘాల ఆడవాళ్లని నేను అడిగాను. భోజనం బాగుందన్నారు. యాప్ ఫోనులో ఉన్నది ఒక్కరికి.

ఇక్కడ నా వృత్తి రహస్యం ఒకటి చెప్పాలి. ఒకప్పుడు మెమరీ కార్డుల్లో పాటలు ఎక్కించేవాళ్లం. పోయిన పెళ్లి ఫొటోలు తెచ్చిపెట్టమని కార్డు ఇచ్చేవాళ్లు. సాఫ్ట్‌వేర్ వేస్తే పెళ్లి ఫొటోలతో పాటు, వాళ్లు ఎప్పుడో డిలీట్ చేసినవన్నీ పైకి లేచేవి. మన మార్కాపురం పలకల ఊరు కదా, తడిగుడ్డ పెడితే అక్షరం పోతుందని చేతికి అలవాటు. ఫోను పలక కాదు. మొగుడు దుబాయిలో ఉన్నాడని పెళ్లాం పంపుకున్న ఫొటో తప్పేమీ కాదు గానీ, ఆ ఫోను రిపేరుకి ఇచ్చేటప్పుడు ఎదురుగా కూర్చుని చేయించుకోండి. లాక్ నంబరు కాగితం మీద రాసిచ్చి బజారుకి పోవద్దు. కొట్టువాడు మంచివాడే కావచ్చు, వాడి దగ్గర పనిచేసే కుర్రాడెవరో మనకి తెలియదు.

7. రెండు వేల అప్పు

లోన్ యాప్ కూడా ఈ కోవలోదే. అప్పిచ్చేటప్పుడు ఫోనులోని నంబర్లు, ఫొటోలు చూడ్డానికి అనుమతి అడుగుతుంది, మనం సరేనని నొక్కుతాం. వాయిదా తప్పితే, ఒక్కోసారి తప్పకపోయినా, మన ఫొటోని బూతుబొమ్మకి అతికించి మన నంబర్లన్నిటికీ పంపుతారు. 2022 సెప్టెంబరులో రాజమహేంద్రవరంలో ఇద్దరు పసిబిడ్డల తల్లీతండ్రీ ఈ బెదిరింపులకే పోయారు. 2015 డిసెంబరులో బెజవాడలో కాల్‌మనీ గొడవ బయటపడ్డప్పుడు, అప్పు పేరుతో ఆడవాళ్లని అంత పీడిస్తారా అని నోరెళ్లబెట్టాం. అప్పుడు ఆ వడ్డీవాడు గుమ్మం ముందుకి రావాల్సి వచ్చేది, యాప్‌వాడికి ఆ అవసరమూ లేదు. అప్పిచ్చే యాప్ ఏదీ ఫోనులోని నంబర్లు, ఫొటోల జోలికి పోకూడదని రిజర్వు బ్యాంకు 2022 సెప్టెంబరులోనే చెప్పింది. కాబట్టి అవి అడిగిన యాప్ దొంగదేనని అక్కడికక్కడే తేలిపోతుంది. మిరపకి మందు కొట్టడానికి రెండు వేలు కావాలంటే అంగడి రెడ్డి దగ్గర వడ్డీకి తెచ్చుకోండి. ఆయన వడ్డీ ఎక్కువే, ఫొటోలు మాత్రం అడగడు.

8. తలుపు గడియ

బిడ్డ రాత్రంతా ఫోను పట్టుకుని బయట తిరుగుతున్నా, అన్నం ముందు కూర్చుని లేచిపోతున్నా, ఉన్నట్టుండి డబ్బడిగినా, ముందు ఫోను లాక్కోవద్దు. "ఏం జరిగినా సరే, నేనున్నాను, డబ్బు కట్టేది లేదు, ఇద్దరం పోయి కంప్లైంట్ ఇద్దాం" అనండి. ఆ రాత్రి ఒంటరిగా పడుకోనివ్వొద్దు, తలుపు గడియ పెట్టుకోనివ్వొద్దు. 14416కి ఫోన్ చేస్తే ప్రభుత్వ మానసిక ఆరోగ్య సేవ టెలి మానస్ వాళ్లు ఏ వేళలోనైనా పలుకుతారు. తిట్లు ఏమైనా ఉంటే తర్వాత, నెల ఆగి. మా కుర్రాడి నాన్న ఇప్పటిదాకా తిట్టలేదు.

9. తెలిసినా చేతులు వణుకుతాయి

ఇవన్నీ చెప్పిన పెద్దమనిషికి పోయినేడు ఏమైందో కూడా రాయాలి. రిటైర్డు టీచరు అని ఉంటే ఒక ఫ్రెండ్ రిక్వెస్ట్ ఒప్పుకున్నాను. రాత్రి పదిన్నరకి వీడియో కాల్. మనవడు హైదరాబాదు నుంచి చేశాడనుకుని ఎత్తాను. ఎనిమిది సెకన్లు. కట్ చేశాను. నిమిషంలో ఫొటో వచ్చింది: ఒక పక్క ఆవిడ, మూలన నా బట్టతల. కింద ఇరవై ఒక్క వేలు, అరగంట గడువు.

ఎంతమందిని కుర్చీ వేసి కూర్చోబెట్టానో నాకు గుర్తుంది. అయినా నా చేతులు వణికాయి. ఇరవై ఒక్క వేలు ఖాతాలో ఉన్నాయా అని ఒక్క క్షణం లెక్క కూడా వేసుకున్నాను. ఆ క్షణం గురించి ఎవరికీ చెప్పలేదు, ఇప్పుడు రాస్తున్నాను.

తర్వాత మా ఆవిడని లేపాను. కళ్లజోడు వెతుక్కుని, ఫోను దూరంగా పట్టుకుని చూసింది.

"ఏందయ్యా ఇది, ఈ బనీను చిరిగిందని మొన్నే చెప్పినా గదా. ఇంకా ఏసుకుంటుండావా?"

ఫోను మళ్లీ మోగింది. ఆవిడే ఎత్తింది. అవతల హిందీ, ఇవతల రాచర్ల తెలుగు. "ఎవురు నాయనా నువ్వు? అన్నం తిన్న్యావా? మీ అమ్మ నంబరియ్యి, నేను మాట్లాడతా." మూడుసార్లు అదే అడిగింది. వాడే పెట్టేశాడు. ఆ తర్వాత ఆవిడ, రాత్రి పదకొండున్నరకి, రాచర్లలో చెల్లెళ్లిద్దరికీ ఫోన్ చేసి, మీ బావ బనీను మీదుండే ఫొటో ఒకటి వస్తుందేమో, భయపడబాకండి అని చెప్పి పడుకుంది. పొద్దున్నే నేను స్క్రీన్‌షాట్లు పట్టుకుని ఫిర్యాదు పెట్టాను. ఫేస్‌బుక్ ప్రొఫైల్ లాక్ చేశాను. ఫ్రెండ్స్ లిస్టు నాకు తప్ప ఎవరికీ కనపడకుండా పెట్టాను. వాట్సాప్‌లో తెలియని నంబర్లు మోగకుండా చేశాను. ఇవి చేయమని అంతకుముందు ఎంతమందికి చెప్పానో!

వాడు నిజంగానే ఇద్దరికి పంపాడు. ఒకరు ఫోన్ చేయలేదు. రెండో ఆయన మా బావమరిది. మధ్యాహ్నం చేసి చాలాసేపు నవ్వి, "బావా, సంతకి పోతుండా, నీ సైజు ఎంత?" అన్నాడు.